పైడితల్లి గుండె అంకె

3108వ రోజు

ఈ పుస్తకంలో తేదీ, పేరు, అంకె, సంతకం మాత్రమే రాయాలని రూలు. నాకు ముందు ఈ రక్తపరీక్ష గదిలో పనిచేసినాయన అలాగే రాశాడు. అందుకే ఆయన రాసినవాటిని ఎవరూ తిరగేసి చూడరు. నేను కాస్త ఎక్కువే రాస్తాను. డాక్టర్ షమీమ్ రెండుసార్లు మందలించి, నా సంగతి తెలిసి ఊరుకుంది.

పొద్దున్నే గాలి వడపోసే జల్లెళ్ల మీది ఎర్రదుమ్ము దులిపాను. నిన్న పూత పూసిన పట్టీలు ఆరాయో లేదో చూసుకుని, ఏడింటికి తలుపు తీశాను. ఇవాళ ఇరవై రెండు వేళ్లు పొడిచాను. ఎర్రదిబ్బలో రెండు వందల పన్నెండు మందిమి ఉన్నాం. నెలకోసారి అందరూ వచ్చి గుండె పట్టీ మీద ఒక చుక్క రక్తం వేసి తీరాలి. గుండెకు రక్తం తెచ్చే నాళాల్లో పూడిక పడితే గుండె కండ నలుగుతుంది. నలిగిన కండలోంచి ట్రోపోనిన్ అనే ప్రొటీన్ రక్తంలోకి జారుతుంది. పట్టీ దాన్ని పట్టుకుని రంగు మారుతుంది, నా యంత్రం ఆ రంగును అంకెగా చెబుతుంది. పధ్నాలుగు లోపయితే వెళ్లి పని చేసుకోవచ్చు. యాభై దాటితే పని మాన్పించి కూచోబెడతాం. భూమి నుంచి నౌక రెండేళ్లకోసారి వచ్చే చోట గుండె ఆగాక చూద్దామంటే కుదరదు.

పట్టీలు కూడా మొదట్లో భూమి నుంచే వచ్చేవి. ఏడేళ్ల కిందట వచ్చిన పెట్టెలు దారిలో గడ్డకట్టి ఎందుకూ పనికిరాకుండా పోయాయి. అప్పుడు డాక్టరమ్మ మేకలతో తయారు చేయడం నేర్చుకుంది. మేకకి కాస్త ట్రోపోనిన్ సూదితో ఎక్కిస్తే, దాని ఒంట్లో ట్రోపోనిన్‌ని పట్టుకునే పదార్థం పుడుతుంది. ఆ రక్తం తీసి వడగట్టి పట్టీలకి పూస్తాం. మేకలు ఇక్కడికి వచ్చింది పాల కోసం. ఇప్పుడు మా గుండెలు కూడా వాటి చేతుల్లోనే ఉన్నాయి. నాకు మేకలంటే పడదు. వాటికి నేనంటే అసలే పడదు.

మేకల పాక చూసేది మా ఆవిడ పైడితల్లి. ఇవాళ ఆఖరున వచ్చింది. ఒంటినిండా గడ్డి వాసన. వేలు చాపి, తొందరగా కానిమ్మంది, రెండు మేకలు ఈనడానికి వచ్చాయట.

పైడితల్లి, 31. పోయిన నెల 12. పని ఎక్కువై అలిసిపోయిందని రాసుకున్నాను. వారం ఆగి మళ్లీ రమ్మన్నాను.

3115వ రోజు

పైడితల్లి, 47.

యంత్రం కన్ను తుడిచి ఇంకో పట్టీ మీద చూశాను. మళ్లీ 47. నీ యంత్రం అలిగినట్టుంది అంది. ఎనిమిదేళ్లలో నా యంత్రం ఎన్నడూ అలగలేదని, మనుషులే అలుగుతారని అన్నాను. ఆవిడ నిజంగానే అలిగి వెళ్లిపోయింది.

3122వ రోజు

58.

పుస్తకంలో ఎదురుగా 'కూచోబెట్టాలి' అని రాసి సంతకం పెట్టాను. ఈ ఎనిమిదేళ్లలో పదకొండు మందికి రాశాను ఈ మాట. ఇది పన్నెండోది. భయమేసింది. అలా అని ఆవిడకి చెప్పలేదు.

ధైర్యం చెప్పడానికి సింహాద్రి బాబాయిని చూపించాను. మాకు చుట్టం కాదు కానీ ఎర్రదిబ్బలో అందరికీ ఆయన బాబాయే. పైడితల్లికి ముందు ఆరేళ్లు మేకల్ని కాసింది ఆయనే, ఈవిడకి పని నేర్పిందీ ఆయనే. పధ్నాలుగు నెలల కిందట ఆయన అంకె నూట ఇరవైకి ఎక్కితే కూచోబెట్టాను. అప్పటినుంచి నీడగదిలో, దీపాల కింద మొక్కలు పెరిగే మడుల పక్కన, బల్ల మీద విత్తనాలు ఏరుతూ ఉంటున్నాడు. మెట్లు ఎక్కడు, బరువు ఎత్తడు, గట్టిగా నవ్వడు. నూట ఇరవై నెమ్మదిగా తగ్గుతూ ఇప్పుడు అరవై రెండుకి దిగింది. విశ్రాంతి బాగా పనిచేస్తోందని డాక్టరమ్మ అంటుంది. చూశావా, కుదురుగా కూచుంటే నీకూ తగ్గుతుందని పైడితల్లికి నచ్చజెప్పాను.

కూచుంటానంది. సాయంత్రం వెళ్లి చూస్తే మేకల పాకలో బకెట్టు బోర్లించుకుని దాని మీద కూచుని ఉంది. ఒక మేక తల ఆవిడ ఒళ్లో ఉంది. నువ్వే కదా కూచోమన్నావు అంది.

ఆవిడ బదులు పని చూడాల్సిన మనిషి పాకలోకి రానని డాక్టరమ్మతో చెప్పేసిందట. వరసగా ఇద్దరు కాపరులకి గుండె చెడిందంటే ఆ పాకలో గాలే మంచిది కాదని ఊరంతా అనుకుంటున్నారు. గాలి కొలిచే పరికరం పట్టుకెళ్లి నేనే చూశాను. కంపు తప్ప ఏమీ లేదు. ఎవరూ నమ్మలేదు.

3129వ రోజు

74. కూచున్నా పెరుగుతోంది.

3136వ రోజు

90.

మూడుసార్లు వరసగా యాభై దాటితే, కూచున్నా పెరుగుతూ ఉంటే, లోపలికి వెళ్లి చూడాల్సిందే. తొడలోని నాళంలోంచి సన్నని గొట్టం గుండె దాకా పంపి, రంగు మందు పోసి, పూడిక ఎక్కడుందో తెర మీద చూసి, అక్కడ స్టెంట్ పెడతారు. ఎర్రదిబ్బలో ఇంతవరకు నాలుగుసార్లు చేశారు. ముగ్గురు లేచి నడిచారు. డాక్టరమ్మ 3150వ రోజు అని తేదీ వేసింది.

మామూలుగా అయితే నేనే తొందరపెట్టేవాణ్ణి. కానీ మూడేళ్ల కిందట రాయి అడ్డుపడి పైడితల్లికి ఒక కిడ్నీ పోయింది. లెక్క ప్రకారం ఇచ్చే నీళ్లు తాగి బతికే చోట రాళ్లు మామూలే, కిడ్నీ పోవడం మాత్రం ఆవిడ దురదృష్టం. ఆ రంగు మందు కిడ్నీలకి పడదు. రెండుంటే తట్టుకుంటాయి. ఒక్కటే ఉన్నవాళ్ల సంగతి చెప్పలేనని డాక్టరమ్మ నా మొహం చూడకుండా చెప్పింది. రక్తం శుద్ధి చేసే యంత్రం ఇక్కడ లేదు.

రాత్రి అన్నాల దగ్గర పైడితల్లి నెమ్మదిగానే మాట్లాడింది.

"నాకు నొప్పి నేదు, ఆయాసం నేదు మావా. ఉన్న ఒక్క కిడ్నీ పోతే మాత్రం నాను బతకను. ఆ సంగతి నీకూ తెల్సు."

అంకె అబద్ధం చెప్పదు అన్నాను. ఎనిమిదేళ్లుగా అందరికీ చెబుతున్న మాటే అది. చెప్పి చెప్పి నోటికి అలవాటైపోయింది. ఆవిడ కంచం తీసుకుని లేచింది.

3139వ రోజు

ఇవాళ పరీక్షలు లేవు. పైడితల్లి పాక నుంచి పై సొరంగానికి ఉన్న తొంభై ఆరు మెట్లు ఎక్కింది. ఎక్కకూడదని చెబుతూ నేనూ వెనకే ఎక్కాను. సగంలో నాకు ఊపిరి అందక గోడ పట్టుకున్నాను. ఆవిడ పైకి వెళ్లి, వెనక్కి వచ్చి, నా జబ్బ పట్టుకుని ఎక్కించింది. ఎవరికి గుండె జబ్బో చూసినవాళ్లు చెప్పాలి.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి అరిచాను. ఆ మనిషికి జబ్బుంటే మెట్లు అలా ఎక్కుతుందా అన్నాను. పూడిక ఉన్నవాళ్లు కొందరు ఆఖరి రోజు దాకా అలాగే ఉంటారని, ముందుగా కనిపెట్టడానికే కదా మీ గది ఉన్నదని ఆవిడ అంది. ఆవిడ మాటల్లో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. అందుకే ఇంకా కోపం వచ్చింది.

3143వ రోజు

ఇవాళ్టి సంగతి వరసగా రాసుకోవాలి.

గొట్టం వేసే ముందు ఆఖరిసారి చూడాలని పైడితల్లిని పిలిచాను. ఇక్కడి పొడి గాలికి మేకల పని తోడై ఆవిడ వేళ్లు పగిలి బీటలు వారి ఉన్నాయి. రెండు వేళ్లు పొడిచినా సరిగ్గా చుక్క రాలేదు. ఒక వేలికి అర చుక్క, రెండో వేలికి దాంట్లో సగం వచ్చాయి. మూడోది పొడవడానికి మనసు ఒప్పలేదు. ఇలాంటప్పుడు మేము చేసే పని ఒకటుంది. అర చుక్కకి అంతే ఉప్పునీళ్లు కలిపి చుక్క చేస్తాం. పట్టీ మీద వచ్చిన అంకెని రెట్టింపు చేసి రాస్తాం.

పట్టీ మీద 84 వచ్చింది. రెట్టింపు చేస్తే నూట అరవై ఎనిమిది.

వారంలో తొంభై నుంచి నూట అరవై ఎనిమిదికి పోతే ఇక 3150 దాకా ఆగడానికి లేదు. పైడితల్లి నా మొహం చూసి ఏటయ్యిందని అడిగింది. ఏమీ లేదు, పాకకి వెళ్లి నీ బకెట్టు మీద కూచో అన్నాను. ఆవిడ వెళ్లాక, డాక్టరమ్మని పిలిచే ముందు ఇంకొక్కసారి చూద్దామని, రెండో వేలి నుంచి తీసి ఉంచిన ఆ కాస్త రక్తాన్ని నీళ్లు కలపకుండా పట్టీ మీద వేశాను. అది పావు చుక్కే. రూలు ప్రకారం అది చాలదు, అయినా పట్టీ తడుస్తుందేమోనని వేశాను. సరిపోయింది.

90.

నీళ్లు కలపకపోతే తొంభై. సగానికి సగం నీళ్లు కలిపితే ఎనభై నాలుగు. పాలల్లో సగం నీళ్లు పోసినా చిక్కదనం తగ్గలేదంటే అవి పాలు కావు.

3144వ రోజు

రాత్రంతా అదే ఆలోచన. తెల్లారగానే కూర్మారావుని పిలిపించాను. కూర్మారావు రాతి డ్రిల్లు నడుపుతాడు. పోయిన ఏడాది అందరి ముందే గుండె పట్టుకుని పడిపోయాడు. స్టెంట్ పెట్టించుకుని లేచిన ముగ్గురిలో అతనొకడు. అతనికి నిజంగా జబ్బు ఉందనడంలో ఎవరికీ అనుమానం లేదు. పనీపాటా లేనట్టు పొద్దున్నే నా వేలే దొరికిందా అని సణుగుతూనే చెయ్యి ఇచ్చాడు.

కూర్మారావు, నీళ్లు కలపకుండా 44. సగం నీళ్లతో 22. పావు వంతు రక్తం, ముప్పావు నీళ్లతో 11.

అంటే పట్టీ బాగానే ఉంది, యంత్రం బాగానే ఉంది. కూర్మారావు రక్తంలో ఉన్నది ట్రోపోనినే. పలచన చేస్తే అది పలచనవుతుంది. పైడితల్లి రక్తంలో పట్టీని పట్టుకుంటున్నది ఇంకేదో. అదేమిటో నాకు తెలియదు. అయినా ఎనిమిదేళ్లలో మొదటిసారి, నా అంకె తప్పయినందుకు నాకు సంతోషం వేసింది.

3145వ రోజు

పుస్తకం పట్టుకుని డాక్టరమ్మ గదికి వెళ్లాను. ఆవిడ మొదట నేను మొగుణ్ణి కాబట్టి ఆశ కొద్దీ మాట్లాడుతున్నానని అనుకుంది. అంకెలు చూశాక కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పింది. పట్టీ మీద మేక పదార్థం ఒకటి అంటించి ఉంటుంది. రంగు పూసిన మేక పదార్థం ఇంకొకటి చుక్కతో కలిసి పారుతుంది. ట్రోపోనిన్ మధ్యలో నిలబడి ఒక చేత్తో దీన్ని, ఇంకో చేత్తో దాన్ని పట్టుకుంటే రంగు నిలుస్తుంది. మనిషి రక్తంలో మేక పదార్థాన్నే పట్టుకునే గుణం ఉంటే, మధ్యలో ట్రోపోనిన్ లేకపోయినా రెండూ కలుస్తాయి. రంగు నిలుస్తుంది. అంకె వస్తుంది. గుండెకి దానితో సంబంధం లేదు.

అలాంటి గుణం మనిషి రక్తంలోకి ఎలా వస్తుందని అడిగాను. అడుగుతుండగానే నాకు తట్టింది. పగిలిన వేళ్లతో మేకల రక్తం తీసేది కాపరులే. మేక ఈనినప్పుడల్లా మాయ తీసేదీ వాళ్లే. పైగా మాకు ఇక్కడ ఒక ఆనవాయితీ ఉంది. ఈనిన మేక జున్నుపాలు మొదటి గుక్క కాపరి పచ్చిగా తాగాలి, ఆ తర్వాతే మిగతావాళ్లకి జున్ను వండుతారు. సింహాద్రి బాబాయి మొదలుపెట్టాడు దాన్ని. పైడితల్లి ఈ నెలలో అయిదుసార్లు తాగింది. మేక ఒంట్లోది తన ఒంట్లోకి అన్నిసార్లు వస్తే, ఒళ్లు దాన్ని పట్టుకోవడం నేర్చుకోకుండా ఉంటుందా.

డాక్టరమ్మ చాలా మెల్లగా అంది, "నాయుడుగారూ, భూమి మీద చదువుకునేటప్పుడు ఇది నాకు పాఠంలో చెప్పారు. పట్టీలు మేకలతో చేయడం మొదలుపెట్టిన రోజు నాకు గుర్తు రావలసింది."

నన్ను సమాధానపరచడానికి ప్రయత్నిస్తుందనుకున్నాను. నేనే ఆవిడని సమాధానపరచాల్సి వచ్చింది. ఇద్దరమూ కలిసి చేసిన తప్పని, ఏడ్వడానికి తర్వాత తీరిక ఉంటుందని చెప్పాను.

నిజమో కాదో తేల్చే దారి కూడా ఆవిడే చెప్పింది. మామూలు మేక రక్తంలోని తేట నీరు దండిగా తెచ్చి, పట్టీకంటే ముందే పైడితల్లి రక్తంలో కలపాలి. ఆ గుణం ఆ మేక నీటిని పట్టుకుని కూచుంటుంది. పట్టీ జోలికి రాదు. అప్పుడు మిగిలేది నిజం అంకె. అయితే ట్రోపోనిన్ సూది ఎన్నడూ వేయని మేక కావాలి. వేసిన మేక రక్తం కలిపితే నిజమైన ట్రోపోనిన్ కూడా దాగిపోతుంది.

3146వ రోజు

రక్తం తీయడానికి వీలైనంత ఎదిగి, ఇంకా సూది వేయని మేక పాకలో ఒక్కటే ఉంది. నాలుగు నెలల పిల్ల. ఎందుకో చెప్పకుండా దాని రక్తం కావాలన్నాను. పైడితల్లి దాన్ని రెండు మోకాళ్ల మధ్య పట్టుకుంటే నేను తీశాను. అది నా మోచేతిని కరిచింది. గడ్డకట్టే దాకా ఆగి, పైకి తేలిన తేటని గాజు గొట్టంలోకి తీసుకున్నాను.

డాక్టరమ్మ పక్కన నిలబడింది. ఆశపడి అంకెని నాకు కావలసినట్టు చదువుతానేమోనని తెర ఆవిడవైపు తిప్పాను. ముందు కూర్మారావు చుక్క వేశాను. మేక నీరు కలిపి, పలచనైన లెక్క సరిచేస్తే 43. నిజంగా జబ్బున్నవాడి అంకె కదల్లేదు.

తర్వాత పైడితల్లిది వేశాను. పట్టీకి నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ నాలుగు నిమిషాలు గోడకున్న తుప్పు మరక వంక చూస్తూ నిలబడ్డాను.

"నాలుగు" అంది డాక్టరమ్మ.

నిమిషాలు చెబుతోందనుకున్నాను. ఆవిడ మళ్లీ చెప్పింది. పైడితల్లి అంకె నాలుగు. నాకంటే మెరుగు.

అక్కడే నేల మీద కూలబడిపోయాను. పైడితల్లి తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. ఇన్నాళ్ల భయమూ ఒక్కసారి బయటికి వచ్చి, గట్టిగా ఏడ్చాను. ఆవిడ తన అంకె ఎంతో అడగలేదు. దగ్గరికి వచ్చి పక్కన కూచుని, నా వీపు నిమిరింది, మేకని నిమిరినట్టే. ఆ మాట అన్నాను. మేకయితే ఇంత గోల చెయ్యదు అంది.

3147వ రోజు

3150 నాటి గొట్టం పని రద్దు. డాక్టరమ్మ తన చేత్తోనే తేదీ కొట్టేసింది. ఇకమీదట ప్రతి చుక్కా మేక నీటితో కలిపే పరీక్షించాలని కొత్త రూలు రాశాం. జున్నుపాలు పచ్చిగా తాగకూడదని కూడా రాశాం. అది ఎవరూ పాటించరని నాకు తెలుసు.

పొద్దున్నించీ ఊళ్లో ఎవరు కనబడినా నవ్వుతున్నాను. కూర్మారావుకి ఒళ్లు మండింది. నా రోగం నిజమని తేలినందుకు అంత సంతోషమా అన్నాడు.

సాయంత్రం పైడితల్లి చొక్కా చేతులు మడుస్తూ అడిగింది, "మరి బాబాయి సంగతేటి మావా?"

నాకు నవ్వు ఆగిపోయింది.

3148వ రోజు

సింహాద్రి, మేక నీరు కలపకుండా 62. కలిపితే 3.

పధ్నాలుగు నెలలు. విశ్రాంతికి ఆయన గుండె కుదుటపడుతోందని మేము మురిసిపోయాం. మేకలకి దూరమయ్యాడు కాబట్టి ఒంట్లో ఆ గుణం అరిగిపోతోంది, అంతే. అక్కడ కుదుటపడడానికి చెడింది ఏమీ లేదు.

నీడగదికి వెళ్లాను. ఆయన కొలిచినట్టు అడుగులు వేసి బల్ల దగ్గరికి వచ్చి కూచున్నాడు. అంతా చెప్పాను. నాదే తప్పన్నాను, కాళ్లు పట్టుకోబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండేది. గింజలు ఏరుతూనే అన్నాడు.

"నీ అంకె కూకోమంది, కూకున్నాను. రోజూ రేతిరి తొంగున్నప్పుడు లెగుత్తానో నేదో అనుకునేవోణ్ణి. ఇప్పుడు నీ అంకె లెగమంటంది. ఎలా లెగమంటావురా?"



3151వ రోజు

మూడు రోజులుగా రోజూ వెళుతున్నాను. మెట్ల దాకా నాతో నడవమంటాను. రేపు చూద్దామంటాడు. డాక్టరమ్మ వచ్చి గుండె చప్పుడు విని, నా పట్టీ కాకుండా తన చెవులతో విని చెబుతున్నానని అంది. మర్యాదగా తల ఊపాడు. కదల్లేదు. నీళ్ల చెంబు ఎత్తేటప్పుడు ఇప్పటికీ రెండు చేతులు వాడుతున్నాడు, అర చెంబు కంటే నింపడు.

పైడితల్లికి చెబితే ఊఁ అని ఊరుకుంది. పాకలో నల్లమేక నేడో రేపో ఈనుతుందట, ఆవిడ ధ్యాసంతా దాని మీదే ఉంది.

3155వ రోజు

ఇవాళ పొద్దున నీడగదిలో బాబాయి పక్కన కూచుని నేనూ గింజలు ఏరుతున్నాను. మాట్లాడ్డం మానేశాను. పక్కన కూచోవడమే చేయగలిగిన పని అనిపించింది. పది గంటలప్పుడు గోడ మీది స్పీకరులోంచి పైడితల్లి గొంతు వినబడింది.

"బాబాయ్, నల్లదానికి పిల్ల అడ్డం తిరిగిపోనాది. నా సెయ్యి పట్టడం నేదు. నువ్వు బేగి రా."

గిన్నె బోర్లా పడింది. నేను లేచేసరికి ఆయన తలుపు దాటిపోయాడు. అరవై ఏళ్లు దాటిన మనిషి, పధ్నాలుగు నెలలు కొలిచి అడుగువేసిన మనిషి, సొరంగం పొడుగునా పరిగెత్తాడు. దారిలో బండి తోసుకొస్తున్న ఇద్దరు గోడకి ఒత్తుకుని దారి ఇచ్చారు. మెట్ల దగ్గర కూడా ఆగలేదు. రెండేసి మెట్లు దిగుతున్నాడు. బాబాయ్ నెమ్మది అని అరుద్దామనుకుని నోరు నొక్కుకున్నాను.

నేను పాకలోకి వచ్చేసరికి ఆయన గడ్డిలో మోకాళ్ల మీద కూచుని ఉన్నాడు. నల్లమేక మూలుగుతోంది. పిల్ల ముందరి కాళ్లు రెండూ తిన్నగా బయటికి వచ్చి, వాటి మీద ముట్టె ఆనించి ఉంది. అడ్డం తిరిగిన పిల్ల అలా ఉండదని నాకే తెలుసు. పైడితల్లి చేతుల వంక చూశాను. మోచేతుల దాకా తడిగా ఉన్నాయి. పిల్లని తిప్పేసింది, ఆయన్ని పిలవకముందే తిప్పేసింది.

బాబాయికీ తెలిసింది. తలెత్తి ఆవిడ మొహం చూశాడు. ఆవిడ మేక డొక్క నిమురుతూ తల దించుకుంది. ఆయన చొక్కా చేతులు పైకి లాక్కుని, పిల్ల కాళ్లు రెండూ ఒడుపుగా పట్టుకుని, మేక ముక్కినప్పుడల్లా కిందికి లాగాడు. మూడోసారి ముక్కేసరికి పిల్ల జారి ఆయన ఒళ్లో పడింది. మూతి మీది జిగురు తుడిచి, ముక్కులో ఊది, తల్లి ముందు పెట్టాడు. వెనకే ఇంకొకటి వచ్చింది. దాన్ని ఎత్తి పైడితల్లికి అందించాడు, రెండో చెయ్యి ఆసరా లేకుండానే.

అప్పుడు గోడకి చేరగిలబడ్డాడు. రొప్పుతున్నాడు. నుదుటి మీద చెమట. నెమ్మదిగా కుడిచెయ్యి ఎత్తి గుండెల మీద పెట్టుకున్నాడు.

నేనూ పైడితల్లీ కదలకుండా నిలబడిపోయాం. నాకు మూడు అన్న అంకె గుర్తుంది, మేక నీరు కలిపి మూడుసార్లు చూసిన అంకె. అయినా ఆ చేతి వంకే చూస్తున్నాను. ఆయన కళ్లు మూసుకుని, తన గుండె చప్పుడు తనే చేత్తో వింటున్నట్టు అలాగే ఉన్నాడు. రొప్పు తగ్గింది. కళ్లు తెరిచి మా ఇద్దరినీ చూశాడు.

"ఆకలేత్తందిరా" అన్నాడు.

పైడితల్లి తన చేతిలోని పిల్లని నా చేతుల్లో పడేసి అన్నం తేవడానికి పైకి పరిగెత్తింది. పిల్ల వెచ్చగా, జిగటగా ఉంది, నా చొక్కా గుండీ చీకుతోంది. కళ్లు తుడుచుకుందామంటే నాకు చేతులు ఖాళీ లేవు.